విద్యార్థి జట్టుతో గేమ్ పూర్తి చేయించడం ఎలా? కొత్త ప్రొడ్యూసర్‌కు మార్గదర్శి

గేమ్ డెవలప్‌మెంట్ కోర్సుల్లోనూ, బీటెక్ చివరి సంవత్సరపు ప్రాజెక్టుల్లోనూ ఏడెనిమిది మంది కలిసి ఒక సెమిస్టర్‌లో ఒక గేమ్ చేయాల్సి వచ్చినప్పుడు, కోడ్ రాసేదెవరు, బొమ్మలు వేసేదెవరు, లెవెల్స్ రూపొందించేదెవరు అన్నది త్వరగానే తేలిపోతుంది. ప్రొడ్యూసర్ ఎవరన్నది మాత్రం చాలా జట్లలో ఆఖరున మిగిలే ప్రశ్న. ఆ బాధ్యత మీకు వచ్చి ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. హైదరాబాద్‌లో చదువుకుంటూ ఇలాంటి జట్టుకు ప్రొడ్యూసర్‌గా పనిచేసిన అనుభవంతో, ఏ పని ఏ వరుసలో చేస్తే గేమ్ చేతికొస్తుందో ఇక్కడ వివరిస్తున్నాను.

స్టూడియోలో పనిచేసే ప్రొడ్యూసర్‌కు బడ్జెట్ ఉంటుంది, వెనుక జీతాలిచ్చే సంస్థ ఉంటుంది, పని జరగకపోతే నిలదీసే అధికారం ఉంటుంది. విద్యార్థి ప్రొడ్యూసర్‌కు ఇవేవీ ఉండవు. జట్టులో ఉన్నవాళ్లంతా తోటి విద్యార్థులే. కొందరు రూమ్మేట్లు కూడా అయి ఉంటారు. కాబట్టి మీ చేతిలో ఉండే సాధనం ఒక్కటే, అది సమాచారం. గేమ్ ఈ రోజు నిజంగా ఏ స్థితిలో ఉంది, ఇంకా ఏం మిగిలింది, ఎవరి పని ఎవరి కోసం ఆగింది అన్న సంగతులు అందరికీ ఒకేలా కనిపించేలా చేయడమే మీ ఉద్యోగం అనుకోండి. షెడ్యూలు, టాస్క్ బోర్డు, సమావేశాలు అన్నీ దాని కోసం ఉన్నవే. ఆడదగిన బిల్డ్ (అప్పటివరకు చేసిన పనంతా కలిపి తీసిన, నేరుగా ఆడగలిగే గేమ్) ప్రతి వారం అందరి ముందూ ఉంటే, జట్టు దారి తప్పినా తనంతట తానే గుర్తించి సర్దుకోగలదు.

1. ఆలోచనల కన్నా ముందు గంటలు లెక్కకట్టండి

ఏ గేమ్ చేయాలన్న చర్చ మొదలుకాకముందే జట్టు దగ్గర ఎంత సమయం ఉందో తేల్చుకోండి. అకడమిక్ క్యాలెండర్ ముందు పెట్టుకుని, రెండు మిడ్ పరీక్షల వారాలు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, దసరా లేదా సంక్రాంతి సెలవులు, మిగతా సబ్జెక్టుల అసైన్‌మెంట్లన్నీ ఒకేసారి వచ్చిపడే రోజులు అందులో గుర్తుపెట్టండి. 16 వారాల సెమిస్టర్‌లో నిజంగా పని జరిగేవి 12 వారాలు మిగిలితే బాగా మిగిలినట్టే. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కలిసి, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో అడగండి. అందరి ముందూ అడిగితే ఒకరిని చూసి ఒకరు పెద్ద అంకె చెబుతారు. విడిగా అడిగితే సాయంత్రం కోచింగ్ ఉందనో, ఇంట్లో షాపు చూసుకోవాలనో, శని ఆదివారాలు ఊరికి వెళ్లాలనో ఉన్న మాట చెబుతారు.

ఉదాహరణకు జట్టులో ఎనిమిది మంది, మనిషికి వారానికి 8 గంటలు, మొత్తం 12 వారాలు అనుకుంటే 768 గంటలు అవుతాయి. ఇంజిన్ (గేమ్ తయారుచేయడానికి వాడే యూనిటీ, గొడాట్ వంటి సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడానికి, సమావేశాలకు, బగ్‌లు సరిచేయడానికి, చేసిన పనినే మళ్లీ చేయడానికి కనీసం మూడో వంతు పోతుంది. మిగిలేవి 512 గంటలు. వారానికి 40 గంటలు పనిచేసే ఒకే ఒక్క ఉద్యోగి 13 వారాల్లో పూర్తిచేసే పనికి ఇది సమానం. పైగా ఆ ఉద్యోగికి మరొకరితో మాట్లాడి సమన్వయం చేసుకునే అవసరం ఉండదు, మీ ఎనిమిది మందికి ఉంటుంది. ఈ లెక్కను మొదటి సమావేశంలోనే బోర్డు మీద వేసి, పక్కన ‘ఒక మనిషి, మూడు నెలలు’ అని రాయండి. ఓపెన్ వరల్డ్, ఆన్‌లైన్ మల్టీప్లేయర్ వంటి ప్రతిపాదనలు పెద్దగా వాదన లేకుండానే పక్కకు జరుగుతాయి.

2. గేమ్‌ను ఒక ప్రధాన క్రియకు కుదించండి

ఆటగాడు పదే పదే చేసే పని ఏమిటో ఒక్క వాక్యంలో రాయమని జట్టును అడగండి. ఆ వాక్యంలో ‘ఇంకా’, ‘అలాగే’, ‘దాంతో పాటు’ అన్న మాటలు వచ్చాయంటే గేమ్ ఇంకా పెద్దదిగానే ఉన్నట్టు. ఈ విషయంలో 2005లో అమెరికాలోని డిజిపెన్ గేమ్ కళాశాల విద్యార్థులు చేసిన ‘నార్బాక్యులర్ డ్రాప్’ ఎప్పుడూ గుర్తుంచుకోదగినది. గోడల మీదా నేల మీదా రెండు ద్వారాలు పెట్టి, ఒకదానిలోంచి లోపలికి వెళ్లి రెండోదానిలోంచి బయటికి రావడం దాని ప్రధాన క్రియ. అందులో కథానాయిక అయిన యువరాణికి గెంతడం కూడా రాదు. పజిల్స్ అన్నీ ఆ రెండు ద్వారాల చుట్టూనే అల్లుకుని ఉంటాయి. ఆ ఆటను చూసి గేమ్‌లు తయారుచేసే వాల్వ్ సంస్థ ఆ విద్యార్థి జట్టును ఉద్యోగంలోకి తీసుకుంది. 2007లో వచ్చిన ‘పోర్టల్’ ఆ ఆలోచన నుంచి పుట్టిందే. గేమ్‌లో ఏముందన్న దానితో పాటు ఏది వదిలేశారన్నది కూడా ఒక రూపకల్పన నిర్ణయమేనని జట్టుకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తర్వాత ఒక పెద్ద కాగితం మీద నాలుగు నిలువు గళ్లు గీయండి: లేకపోతే గేమే కాదు అనేవి, ఉంటే బాగుండేవి, సమయం మిగిలితే చేసేవి, ఈసారి చేయనివి. నాలుగో గడిని ఖాళీగా వదలకండి. ఎవరి ఆలోచనైనా అక్కడ రాసి ఉంటే, దాన్ని విన్నారనీ చర్చించే పక్కన పెట్టారనీ ఆ మనిషికి తెలుస్తుంది. రాయకపోతే ఆ ఆలోచనే మరో పేరుతో మళ్లీ మళ్లీ సమావేశాల్లోకి వస్తుంది. రెండో, మూడో గళ్లలో ఉన్నవాటిని ఏ వరుసలో వదులుకుంటారో కూడా ఆ రోజే రాసిపెట్టండి. ఎవరూ ఇంకా ఏమీ తయారుచేయని దశలో ఏది తీసేయాలన్న చర్చ ప్రశాంతంగా జరుగుతుంది. మూడు వారాలు కష్టపడి చేశాక అదే చర్చ మనసులు నొప్పించకుండా ముగియడం కష్టం.

ఇదే సమయంలో అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ గేమ్‌లో మనలో ఎవరికీ చేయడం తెలియని పని ఏది? మొదటి రెండు వారాలు ఆ పనికే కేటాయించండి. తెలుగు ఆటగాళ్లకు చేరువగా ఉండాలని సంభాషణలన్నీ తెలుగు లిపిలో చూపించాలనుకునే జట్లు దీన్ని ముఖ్యంగా గమనించాలి. యూనిటీలో అక్షరాలు చూపించడానికి వాడే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు ఒత్తులనూ గుణింతాలనూ సరిగా కలపదు. ఫాంట్ పెట్టినంత మాత్రాన ‘స్త్రీ’ అన్న మాట సరిగా కనిపించదు. మరో ఇంజిన్ అయిన గొడాట్ 4లో అక్షరాలను కలిపే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ ముందే అమర్చి ఉంది. ఈ సంగతి తెలుసుకోవాల్సింది ఇంజిన్ ఎంచుకునే వారంలో, గేమ్ నిండా సంభాషణలు రాసేసిన తర్వాత కాదు.

3. ఎవరి మాట ఎక్కడ చివరిదో రాసిపెట్టండి

ఒక పేజీ చాలు. కోడ్, ఆర్ట్, లెవెల్స్, శబ్దం, ఇలా ఒక్కో విభాగానికి చివరి నిర్ణయం ఎవరిదో ఒక్క పేరు రాయండి. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరి పేరూ రాయనట్టే. ప్రొడ్యూసర్‌గా మీకు చివరి మాట రెండు విషయాల్లో ఉండాలి: ఏ తేదీకి ఏది ముగియాలి, సమయం చాలనప్పుడు ఏది వదలాలి. ఆర్ట్ స్టైల్ మీకు నచ్చకపోయినా అది మీ నిర్ణయం కాదని మొదటి రోజే ఒప్పుకుంటే, తేదీల విషయంలో మీ మాటకు విలువ పెరుగుతుంది. క్రెడిట్స్‌లో పేర్ల వరుస, చేసిన పనిని ఎవరెవరు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చు, ఎప్పుడైనా గేమ్‌ను అమ్మితే డబ్బు ఎలా పంచుకోవాలి అన్నవి కూడా అదే పేజీలో ఉండాలి.

4. మొదటి వారంలోనే బిల్డ్ తయారయ్యే దారి వేయండి

ప్రాజెక్టు ఫైళ్లు వాట్సాప్‌లోనో డ్రైవ్‌లోనో తిరుగుతున్నంత కాలం అసలు గేమ్ ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉందో ఎవరూ చెప్పలేరు. గిట్ రిపాజిటరీ (అందరి ఫైళ్లూ, వాటి మార్పుల చరిత్రా ఒకే చోట ఉండే నిల్వ) ఒకటి తెరిచి, అందరికీ ఒకే ఇంజిన్ వెర్షన్ ఇన్‌స్టాల్ చేయించి, ఖాళీ సీన్‌లో ఒక క్యూబ్ కదిలే బిల్డ్‌ను మొదటి వారంలోనే తయారుచేయించండి. ఆర్టిస్టులకు గిట్ అలవాటు ఉండదు కాబట్టి, పక్కన కూర్చుని ప్రతి ఒక్కరి చేతా ఒక కమిట్ (మార్పును గిట్‌లో నమోదు చేయడం) చేయించాలి. దీనికి ఒక సాయంత్రం పడుతుంది, ఆ సాయంత్రం తప్పనిసరి.

కొన్ని వివరాలు ముందే సరిచూసుకోండి. యూనిటీలో ఇంజిన్ తనంతట తానే తయారుచేసుకునే లైబ్రరీ ఫోల్డర్‌ను రిపాజిటరీలో పెట్టకూడదు, మెటా ఫైళ్లను మాత్రం తప్పకుండా పెట్టాలి. రిపాజిటరీని ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ 100 మెగాబైట్లు దాటిన ఫైలును తిరస్కరిస్తుంది కాబట్టి, పెద్ద టెక్స్చర్లకూ ఆడియోకూ పెద్ద ఫైళ్లను విడిగా దాచే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ముందే అమర్చుకోవాలి. అన్రియల్ ఇంజిన్‌లో అసెట్ ఫైళ్లు బైనరీ రూపంలో ఉంటాయి. ఒకే ఫైలును ఇద్దరు మార్చితే రెండింటినీ కలపలేరు, ఒకరి పని పోవాల్సిందే. అందుకని ఫైలును లాక్ చేసుకుని పనిచేసే పద్ధతి పెట్టుకోండి. యూనిటీ సీన్లకు కూడా ఇదే జాగ్రత్త మంచిది: సీన్‌ను ముక్కలు చేసి ప్రీఫ్యాబ్‌లుగా (మళ్లీ మళ్లీ వాడుకునే విడి భాగాలుగా) విడదీసి, ఏ సీన్ ఈ రోజు ఎవరి చేతిలో ఉందో బోర్డు మీద పేరు రాయించండి.

మెటా ఫైళ్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, జట్టు అంతా ఒకసారి కళ్లారా చూడాల్సిన విషయం. యూనిటీ ప్రతి ఫైలునూ పేరుతో కాకుండా, పక్కనే ఉండే మెటా ఫైలులోని ఒక గుర్తింపు సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది. ఆర్టిస్టు తలుపు మోడల్ పేరును ఇంజిన్‌లో కాకుండా విండోస్ ఫోల్డర్‌లోకి వెళ్లి మార్చితే, మెటా ఫైలు పాత పేరుతోనే ఉండిపోతుంది. ఇంజిన్ ఆ మోడల్‌ను కొత్త ఫైలనుకుని కొత్త సంఖ్య ఇస్తుంది. ఆ మరుక్షణం సీన్‌లో ఆ తలుపు ఉన్న ప్రతి చోటా లింకు తెగిపోతుంది. ఈ పని జరిగిందని ప్రోగ్రామర్‌కు తెలియదు, అలా చేయకూడదని ఆర్టిస్టుకు తెలియదు, మాటా మాటా పెరుగుతుంది. మీరు చేయాల్సింది, ఒక ఖాళీ ప్రాజెక్టులో ఇదంతా కావాలని చేసి అందరికీ చూపించి, పేర్లు ఇంజిన్‌లోనే మార్చాలన్న నియమాన్ని పెట్టడం. కారణం కళ్లతో చూసినవాళ్లు నియమాన్ని పాటిస్తారు.

5. పనిని మాటల్లో కాకుండా బిల్డ్‌లో కనిపించేలా విడగొట్టండి

ట్రెల్లో అయినా గూగుల్ షీట్ అయినా సరే, టాస్క్ రాసే పద్ధతి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ‘తలుపు చేయాలి’ అన్నది టాస్క్ కాదు. ఆ ఒక్క మాటలో ఎంత పని దాగి ఉందో చూడండి. బూడిద రంగు దిమ్మెతో తాత్కాలిక తలుపు పెట్టాలి. ఆటగాడు దగ్గరికి వచ్చినట్టు గుర్తించాలి. తాళంచెవి ఉందో లేదో చూడాలి. లేకపోతే లేదని ఎలా తెలియజేయాలో డిజైనర్ నిర్ణయించాలి. తెరుచుకునే కదలిక కావాలి, తాళం పడి ఉన్నప్పుడు ఒక శబ్దం, తెరుచుకున్నప్పుడు మరో శబ్దం కావాలి. ఆటగాడు చనిపోయి తిరిగి వస్తే ఆ తలుపు తెరిచే ఉండాలా, మూసుకోవాలా అన్నది తేల్చాలి. ఆఖరున అసలు మోడల్ వచ్చి దిమ్మె స్థానంలో కూర్చోవాలి. తొమ్మిది పనులు, నలుగురు మనుషులు. ఇలా విడగొట్టి రాసినప్పుడే, శబ్దం చేసే మనిషి కదలిక నిడివి తెలియక ఆగిపోయాడన్న సంగతి మీకు ముందే కనిపిస్తుంది.

ప్రతి టాస్క్ ఆరు గంటలు దాటకుండా, ఒకే మనిషి పేరుతో ఉండేలా చూడండి. ఎన్ని గంటలు పడుతుందన్నది చేసే మనిషే చెప్పాలి, మీరు చెప్పకూడదు. పూర్తయిందనడానికి ఒకటే కొలత పెట్టుకోండి: రిపాజిటరీ నుంచి తీసిన బిల్డ్‌లో, చేసిన మనిషిది కాని కంప్యూటర్‌లో అది కనిపించాలి, పనిచేయాలి. ‘నా ల్యాప్‌టాప్‌లో అయిపోయింది అన్నా’ అంటే అది ఇంకా జరుగుతున్న పనుల వరుసలోనే ఉంటుంది.

ప్రశ్న అడిగే తీరు కూడా మార్చుకోవాలి. ‘ఎంతవరకు వచ్చింది?’ అని అడిగితే ‘తొంభై శాతం అయిపోయింది, కొంచెం ఉంది’ అన్న జవాబే వస్తుంది, వచ్చే వారమూ అదే వస్తుంది. ‘ఇంకా ఏమేం మిగిలాయి?’ అని అడగండి. మిగిలినవి మూడు చెప్పగలిగితే పని అదుపులో ఉన్నట్టు. చెప్పలేకపోతే ఆ మనిషికి ఎక్కడో దారి తోచడం లేదని అర్థం. అప్పుడు తేదీ గుర్తుచేయడం వల్ల ఉపయోగం ఉండదు. పక్కన కూర్చుని చూడగల మరో ప్రోగ్రామర్‌నో, సీనియర్‌నో వెతికి తీసుకురావడం మీ పని.

6. వారానికి ఒక లయ ఏర్పరచండి

సాఫ్ట్‌వేర్ నిపుణులు కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో లోకానికి పరిచయం చేసిన స్క్రమ్ పద్ధతిలో, పనిని నెల రోజులు మించని స్ప్రింట్లుగా (విడతలుగా) విభజించి, రోజూ 15 నిమిషాలు జట్టు కలుసుకుంటుంది. పూర్తికాలం పనిచేసే వాళ్లకు రూపొందించిన దాన్ని ఉన్నదున్నట్టు విద్యార్థుల మీద రుద్దితే, రెండో వారానికే ‘నిన్న ఏమీ చేయలేదు’ అని చెప్పడానికి అందరూ సిగ్గుపడి రావడం మానేస్తారు. వారానికి రెండుసార్లు కలవడం సరిపోతుంది. ఒకటి ల్యాబ్ అయిపోయాక నిలబడే పదిహేను నిమిషాలు మాట్లాడుకునేది, రెండోది శుక్రవారం బిల్డ్ ముందు కూర్చుని గంట సేపు ఆడేది.

శుక్రవారపు బిల్డ్ విషయంలో మాత్రం పట్టు విడవకండి. గురువారం రాత్రి ఒక సమయం తర్వాత కొత్త పని కలపకూడదు. బిల్డ్ తీసే పని వారానికొకరు చేయాలి, ఎప్పుడూ ఒకే ప్రోగ్రామర్ మీద పడకూడదు. అందరూ గేమ్‌ను మొదటి నుంచి ఆడాలి, ఆర్టిస్టులూ సంగీతం చేసేవాళ్లూ కూడా. తన బొమ్మ లెవెల్ చీకట్లో అసలు కనిపించడం లేదన్న సంగతి ఆర్టిస్టుకు మీరు చెప్పడం కన్నా, తానే ఆడి చూసుకోవడం ఎంతో మేలు. బిల్డ్ ఆ వారం పనిచేయకపోతే సమావేశాన్ని వాయిదా వేయకండి. పనిచేయని బిల్డ్ ముందే కూర్చుని, వచ్చే వారంలో మొదటి పని దాన్ని బాగుచేయడమేనని నిర్ణయించండి.

సమావేశం ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా న్యాయానికి సంబంధించిన విషయమే. రాత్రి ఎనిమిది తర్వాత క్యాంపస్‌లో కలుద్దామంటే, గేటు సమయం ఉన్న హాస్టల్ అమ్మాయిలు, ఆఖరి కాలేజీ బస్సు పట్టుకోవాల్సిన డే స్కాలర్లు నిర్ణయాల్లోంచి బయటికి వెళ్లిపోతారు. తర్వాత వాళ్ల పని తేడాగా వచ్చిందని మిగతావాళ్లు అంటారు. అందరూ ఉండగలిగే సమయమే పెట్టండి. ఆ గంటలో తీసుకున్న నిర్ణయాలను మాత్రమే, నాలుగైదు వరుసల్లో, అదే రోజు గ్రూపులో రాసి పిన్ చేయండి. వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండింటికి ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం, ఆ పేజీలోకి ఎక్కేదాకా నిర్ణయం కాదన్నది జట్టు నియమంగా ఉండాలి.

7. బయటి మనుషులతో త్వరగా ఆడించండి

ప్రధాన క్రియ బూడిద దిమ్మెలతో పనిచేయడం మొదలుపెట్టిన వారంలోనే మొదటి ప్లే టెస్ట్ జరగాలి. బొమ్మలు వచ్చాక చూపిద్దామని ఆర్టిస్టులు అడుగుతారు; వాళ్ల శ్రమ వృథా కాకుండా ఉండాలంటేనే ముందు ఆడించాలని వివరించండి. ఎంతోమంది అక్కర్లేదు. వాడుకకు సంబంధించిన లోపాల్లో ఎక్కువ భాగం మొదటి అయిదుగురితోనే బయటపడతాయని వాడుక సౌలభ్యం మీద పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. అయిదుగురితో ఆడించి, సరిచేసి, మరో అయిదుగురిని పిలవడమే ఒకేసారి పదిహేను మందిని కూర్చోబెట్టడం కన్నా లాభం. గేమ్స్ ఎప్పుడూ ఆడే హాస్టల్ స్నేహితులతో పాటు, కంట్రోలర్ పట్టుకోవడం రాని చెల్లినో తమ్ముడినో, వీలైతే అమ్మనో కూడా కూర్చోబెట్టండి.

ఆడుతున్నంతసేపూ జట్టులో ఎవరూ నోరు విప్పకూడదు. ఇది చెప్పినంత సులువు కాదు. మా గేమ్‌లో తాళం వేసిన తలుపు దగ్గర మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకరు నిలబడి, ఒకే బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉండిపోయారు. తాళంచెవి గదిలోకి అడుగుపెట్టిన చోట, కెమెరాకు వెనుక వైపు మెరుస్తూ ఉంది. వెనక్కి తిరిగితే కనిపిస్తుంది, కానీ తిరగాల్సిన కారణం గేమ్ ఇవ్వలేదు. ‘తాళంచెవి వెతకండి’ అని తెర మీద రాద్దామని ఆ సాయంత్రం ఒక సూచన వచ్చింది. డిజైనర్ మాత్రం తాళంచెవిని తలుపు పక్కనున్న కిటికీ గూట్లోకి మార్చి, లోపలికి రాగానే రెండూ ఒకే చూపులో పడేలా చేశారు. ఆ తర్వాత ఆడినవాళ్లు అక్కడ ఆగలేదు, చదవడానికి కొత్త వాక్యమూ పుట్టలేదు.

ఇందులో మీ పాత్ర ఏమిటంటే, ఆడినవాళ్లు ఎక్కడ ఆగారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఫోన్ తీశారు అన్నది సమయంతో సహా రాసుకోవడం. వాళ్లిచ్చే సలహాలు కూడా రాసుకోండి, కానీ విడిగా. ఎక్కడ ఇబ్బంది పడ్డారన్నది వాళ్లకే బాగా తెలుసు. దానికి పరిష్కారం ఏమిటన్నది డిజైనర్ ఆలోచించాలి.

ఆడించే కంప్యూటర్ కూడా పరీక్షలో భాగమే. గ్రాఫిక్స్ కార్డు ఉన్న జట్టు ల్యాప్‌టాప్‌లో బాగా నడిచే గేమ్, అది లేని కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో నత్తనడక నడవవచ్చు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లే ఉంటాయి, 30 ఫ్రేములకైతే 33.3. ప్రదర్శన ఏ కంప్యూటర్ మీద జరుగుతుందో ముందే కనుక్కుని, దాని మీదే లక్ష్యం పెట్టుకోండి.

8. పని ఆగినప్పుడు మనిషితో మాట్లాడండి

ఒకరు రెండు వారాలుగా ఏమీ పంపకపోతే గ్రూపులో పేరు పెట్టి అడగకండి. ఫోన్ చేయండి, కుదిరితే టీ కొట్టు దగ్గర కలవండి. కారణం సాధారణంగా మూడింటిలో ఒకటై ఉంటుంది: చేయడం తెలియకపోవడం, సమయం లేకపోవడం, ఇష్టం పోవడం. మూడింటికీ మందు వేరు. తెలియకపోతే తోడు ఇవ్వాలి. సమయం లేకపోతే ఆ పనిని చిన్నది చేయాలి లేదా మరొకరికి మార్చాలి. ఇష్టం పోయిందంటే చాలాసార్లు ఆ మనిషి చేసిన పని గేమ్‌లో ఎక్కడా కనిపించకపోవడమే కారణం. నాలుగు పాత్రలు గీసి ఇచ్చి, నెలయినా ఒక్కటీ బిల్డ్‌లోకి ఎక్కకపోతే ఎవరికి మాత్రం చేయాలనిపిస్తుంది? అలాంటప్పుడు ఆ బొమ్మలను శుక్రవారంలోగా గేమ్‌లోకి ఎక్కించే టాస్క్‌ను ప్రోగ్రామర్‌కు ఇవ్వండి. మిగతా మాటలన్నీ తర్వాత.

‘మామా, నువ్వు చేయకపోతే అందరం ఫెయిల్ అవుతాం’ అనే మాట వాడకండి. ‘ఈ మూడింటిలో వచ్చే శుక్రవారానికి ఏది కచ్చితంగా ఇవ్వగలవు?’ అని అడిగితే, చిన్నదైనా నిలబడే మాట ఒకటి దొరుకుతుంది. అది కూడా నిలబడకపోతే, ఆ మనిషి మీద ఆధారపడిన పనులన్నీ మార్చేసి, విషయాన్ని ప్రాజెక్ట్ గైడ్‌కు రివ్యూకు ముందే తెలియజేయండి. ఫిర్యాదులా చెప్పనక్కర్లేదు; ఏ పని ఎవరి నుంచి ఎవరికి మారిందో, దానివల్ల ఏ ఫీచర్ పోతుందో చెబితే చాలు. రివ్యూ రోజున గైడ్‌కు మొదటిసారి తెలియడం మొత్తం జట్టుకే నష్టం.

ఆలస్యం కనిపించగానే పక్క సెక్షన్ నుంచి మరో ఇద్దరిని తెచ్చుకుందామన్న ఆలోచన వస్తుంది. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కొత్త మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పారు. కొత్తవాళ్లకు నేర్పాల్సింది ఉన్నవాళ్లే కాబట్టి, ఉన్న గంటలూ అందులో కరిగిపోతాయి. ఇలాంటప్పుడు రెండో దశలో రాసుకున్న వదులుకునే జాబితాను బయటికి తీయండి. వరుసగా రాత్రుళ్లు మేల్కొని చేద్దామన్న ఉత్సాహాన్ని కూడా ప్రోత్సహించకండి. తెల్లవారుజామున రాసిన కోడ్‌లోని బగ్‌లు వెతకడానికి మరుసటి వారం ఖర్చవుతుంది, పైగా అది మిడ్ పరీక్షల వారమైతే మనుషుల మార్కులూ ఆరోగ్యమూ పోతాయి.

9. కొత్తవి ఆపే తేదీ మొదటే ప్రకటించండి

ముగింపుకు కనీసం మూడు వారాల ముందు ఫీచర్ ఫ్రీజ్ పెట్టండి. ఆ తేదీ తర్వాత కొత్త ఆలోచన ఏదీ గేమ్‌లోకి రాదు. ఉన్నవి బాగుచేయడం, మెరుగుపరచడం మాత్రమే. బగ్‌లను మూడు తరగతులుగా విడదీయండి: గేమ్ మూసుకుపోయేవి లేదా ముందుకు సాగనివ్వనివి, ఆడే అనుభవాన్ని చెడగొట్టేవి, కంటికి మాత్రమే కనిపించేవి. మొదటి తరగతి ఒక్కటైనా మిగిలి ఉండగా మూడో తరగతి జోలికి ఎవరూ వెళ్లకుండా చూడటం మీ వంతు. ఇది చెప్పడం తేలిక. నీడ ఒకటి తేడాగా పడుతోందని బాధపడే ఆర్టిస్టును ఆపడానికి ఓపిక కావాలి.

ఒక ఫీచర్‌ను తీసేయాల్సి వస్తే, దాన్ని చేసిన మనిషికి అందరికన్నా ముందు, విడిగా, కారణంతో సహా చెప్పండి. ఆ పని వీడియో తీసి పోర్ట్‌ఫోలియోకు పనికొచ్చేలా భద్రపరచండి, గిట్‌లో ఆ పని ఉన్న బ్రాంచ్‌ను (విడి కాపీని) చెరిపేయకండి. గేమ్‌లో లేకపోయినా ఆ పనికి క్రెడిట్స్‌లో చోటు ఉంటుంది.

10. ప్రదర్శనకూ అప్పగింతకూ సిద్ధం చేయండి

బయటి నుంచి తెచ్చిన ప్రతి మోడల్, ఫాంట్, శబ్దం లైసెన్సు ఏమిటో ఒక షీట్‌లో రాయించండి. క్రియేటివ్ కామన్స్‌లో వాణిజ్యేతర వాడకానికే అనుమతి ఉన్న శబ్దాన్ని వాడి ఉంటే, గేమ్‌ను తర్వాత అమ్మడానికి వీలుండదు. గేమ్‌లు పంచుకునే ఇచ్.ఐఓ సైటులో గేమ్ పెట్టడానికి ఖర్చేమీ లేదు. గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో పెట్టాలంటే ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కట్టాలి. ఆదాయం 1,000 డాలర్లు దాటితే ఆ సొమ్ము తిరిగి వస్తుంది.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు బిల్డ్‌ను ఖరారు చేసి, గిట్‌లో దానికి ట్యాగ్ (గుర్తు పేరు) పెట్టి, రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసుకోండి. ఇంటర్నెట్ లేకుండా, ఇంజిన్ ఇన్‌స్టాల్ చేయని కంప్యూటర్‌లో అది తెరుచుకుంటుందో లేదో చూడండి. గేమ్ మొదటి నుంచి చివరి వరకూ ఆడిన వీడియో ఒకటి దగ్గర ఉంచుకోండి. సేవ్‌లను చెరిపి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే బటన్ ఒకటి పెట్టించండి. స్టాల్ దగ్గర ఒకరు లేచి మరొకరు కూర్చునే ప్రతిసారీ అది అక్కరకొస్తుంది. ప్రశ్నలకు జవాబులు ఆ పని చేసినవాళ్లే చెప్పేలా ముందే పంచుకోండి.

మార్కులు వచ్చాక జట్టు చెదిరిపోతుంది కాబట్టి, అప్పగింత ఆ వారంలోనే ముగించాలి. రిపాజిటరీ ఒక్కరి సొంత ఖాతాలో ఉంటే జట్టు ఖాతాకు మార్చండి. క్రెడిట్స్‌లో పేర్ల అక్షరాలు ఎవరివి వాళ్ల చేత సరిచూయించండి. టాస్క్ బోర్డులో ప్రతి పనికీ అనుకున్న గంటలు, నిజంగా పట్టిన గంటలు పక్కపక్కన ఉన్న షీట్‌ను గైడ్‌కు ఇవ్వండి. వచ్చే సంవత్సరం ఈ బాధ్యత తీసుకునే జూనియర్ తన మొదటి సమావేశంలో బోర్డు మీద వేసే లెక్కకు ఆ షీట్ ఆధారమవుతుంది.